అరుగు కింద చోటు

మొదటి నమోదు. పైన పొద్దు పొడుస్తోంది.

నేల అదిరిన ప్రతిసారీ ఎవరేం చేశారో వరసకొకరు రాసిపెట్టాలని కొత్త చీరాల రక్షణ సంఘం తీర్మానించింది. మా మూడో వరసకి ఆ పని నాకు పడింది. భూమ్మీద ఉన్నన్నాళ్ళూ కాకినాడలో భౌతికశాస్త్రం చెప్పాను కదా, ఆ గౌరవంతో ఇచ్చారనుకున్నాను. మిగతావాళ్ళంతా ఏదో ఒక వంక చెప్పి తప్పుకున్నారని తర్వాత తెలిసింది.

నా పేరు తన్విత. ముసలి పేరే, ఏం చేస్తాం. మా రోజుల్లో ఆడపిల్లలకి తన్విత, లాస్య, హన్సిక అని పెట్టేవాళ్ళు. ఇప్పుడా పేర్లు వింటే మోకాళ్ళ నొప్పులు గుర్తొస్తాయి. మా ఆరేళ్ళ మనవరాలి పేరు పేరిందేవి. దాని తరగతిలో ఇంకో ఇద్దరు పేరిందేవులు ఉన్నారు.

ఇంట్లో ముగ్గురం: నేను, పేరిందేవి, దాని అమ్మమ్మ లాస్య గారు. ఆవిడ నాకు వియ్యపురాలు. మా అబ్బాయీ వాళ్ళమ్మాయీ మంచు గనిలో పని చేస్తారు. పైన పొద్దు గుంకితేగాని ఇంటికి రారు, చంద్రుడి మీద పొద్దు గుంకడానికి రెండు వారాలు పడుతుంది. అన్నాళ్ళు ఇద్దరు వియ్యపురాళ్ళని ఒకే గదిలో ఉంచడం కూడా ప్రమాదాల కిందికే వస్తుంది. సంఘం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక అసలు విషయం. పైన ఎండ తగలగానే చల్లారిన రాయి సాగుతుంది, నేల అదురుతుంది. ఈరోజు ఉదయం అలాగే అదిరింది. అప్పుడు చెయ్యాల్సింది మూడు ముక్కల్లో బళ్ళో పిల్లలకి నేర్పుతారు: పట్టుకో, దిగు, దాక్కో. భూమ్మీదైతే ముందు కింద కూర్చోమనేవాళ్ళు. ఇక్కడ కింద పడాలన్నా తీరుబడిగా పడాలి. నేల ఎగరేస్తే మనిషి కప్పుదాకా లేచి, తలకి బొప్పి కట్టించుకుని, ఆలోచించుకుంటూ దిగుతాడు. అందుకని గోడ మొదట్లో బిగించిన పగ్గాన్ని ముందు పట్టుకోవాలి, దాని ఊతంతో ఒంటిని కిందికి లాక్కోవాలి, రాతి అరుగు కింద దూరి తల దాచుకోవాలి. కప్పు నుంచి పెళ్ళలు నెమ్మదిగానే పడతాయి. నెమ్మది కదా అని అలుసు చేసినవాళ్ళు ఇద్దరు ఇప్పుడు లేరు. ఇక్కడ రాయికి బరువు తగ్గిందిగాని మొండితనం తగ్గలేదు.

నేను పగ్గం పట్టుకున్నాను, దిగాను. దాక్కోబోతే మోచేతికి మాగాయ జాడీ తగిలింది.

అరుగు కింద ముగ్గురం పట్టాలి. అక్కడ ముగ్గురున్నారు కూడా: మాగాయ, ఉసిరి, చింతకాయ తొక్కు. వాటి వెనక రెండు పాత దుప్పట్లు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన విరిగిన పంకా. ఖాళీ చోటు కనబడితే ఊరుకోవడం మన రక్తంలో లేదు. ఇల్లు చంద్రుడి మీద ఉన్నా అంతే. పేరిందేవి తల మాత్రం లోపల పట్టింది. మిగతా పిల్ల బయట ఉంది.

లాస్య గారు తలుపు దగ్గర ఉన్నారు. తలుపు తెరిచే చక్రం సగం తిప్పేశారు.

అదురు ఆగాక రక్షకుడు కమలాకర్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. తలుపు బయట నడవా ఉంది. అదురులో నడవా పగిలితే అందులో గాలి ఉండదు. మన తలుపు తీస్తే మన గాలి కూడా పోతుంది. అందుకే తలుపు మీద పచ్చ దీపం వెలిగేదాకా చక్రం ముట్టుకోకూడదు. ఇదంతా అతను లాస్య గారికి ఇంతకుముందూ ఒకసారి చెప్పాడు.

"ఇది రెండోసారి, అమ్మమ్మగారూ," అన్నాడు. "మూడోసారి జరిగితే మిమ్మల్ని పడక వాడకి మార్చాలి. నా చేతిలో లేదు."

పడక వాడ అడుగున ఉంటుంది. అక్కడ పెద్దవాళ్ళని పట్టీలతో మంచానికి కట్టి ఉంచుతారు. వారానికోసారి చూసి రావచ్చు.

"కడితే కట్టుకోండి నాయనా. మీ తాళ్ళు మీ ఇష్టం," అన్నారు లాస్య గారు. చెయ్యి మాత్రం పేరిందేవి జడని వదల్లేదు.

రెండో నమోదు. పొద్దు కొంచెం పైకెక్కింది.

అరుగు కింద ఖాళీ చేశాం. జాడీలు తియ్యడానికి ఆవిడ ఒప్పుకునేసరికి నాకు ఆకలి వేసింది.

"పొద్దున్నే తలుపు దగ్గరికి ఎందుకు వెళ్ళారు, వదినగారూ?" అని అడిగాను. గట్టిగా అడగలేదు. నాలుగు దశాబ్దాలు పిల్లల్ని గట్టిగా అడిగి చూశాను, వాళ్ళు అబద్ధం చెప్పడం బాగా నేర్చుకున్నారు.

చింతకాయ తొక్కు జాడీ మూత తుడుస్తూ చెప్పారు. "పెళ్ళికి ముందు కొండల ఊళ్ళో ఉద్యోగం చేశాలే. మట్టి గోడలు, పైన రాతి పలకలు. ఒకనాడు అందరం అన్నానికి కూర్చున్నాం. నేల కదిలింది. నేను లేచి పరిగెత్తినా. ఎందుకని అడిగితే ఏం చెప్పేది, కాళ్ళు పోయినై. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు లేదు."

నేను ఉసిరి జాడీ ఆవిడ వైపు జరిపాను.

"బల్ల కింద దూరినోళ్ళు నలుగురు. పరిగెత్తింది నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరు బల్ల కింద దూరమంటారు."

"బల్ల కాదు, అరుగు. రెండు జానల మందం."

"నాకు తెలుసు వదినా. కాళ్ళకి తెలవదు గదా."

ఆవిడ కాళ్ళు నేర్చుకున్న పాఠం తప్పు కాదు. ఆ ఊరికి, ఆ గోడలకి అదే సరైన పాఠం. ఊరు మారింది. ఆ సంగతి కాళ్ళకి చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు.

మూడో నమోదు. అదే వారం.

సాధన చేయించాను. "అదురు" అని నేను అరవగానే ముగ్గురం పగ్గం పట్టుకోవాలి. ఉత్తుత్తి అదురులో లాస్య గారిని మించినవాళ్ళు లేరు. పట్టుకున్నారు, దిగారు, దాక్కున్నారు, అక్కడే చిన్న కునుకు కూడా తీశారు.

నిజం అదురు మధ్యాహ్నం వచ్చింది. చిన్నదే, గిన్నెలు గలగలమన్నాయి. ఆ సమయంలో మేమిద్దరం పప్పుచారు మీద వాదించుకుంటున్నాం. చారులో బెల్లం వేస్తారు గోదావరి వాళ్ళు, అంటే మేము. బెల్లం వేసింది పాయసం అవుతుంది అంటారు ఒంగోలు వైపు వాళ్ళు, అంటే ఆవిడ.

నేల కదలగానే ఆవిడ గరిటె వదిలేశారు. ఒక కాలు తలుపు వైపు జరిగింది. నేను పేరిందేవిని అరుగు కిందికి తోసి, పగ్గం పట్టుకుని, ఏమనాలో తోచక వాదనలో నా వంతు పూర్తి చేశాను. "బెల్లం వెయ్యని పప్పుచారు తాగేవాళ్ళకి నాలుక దేనికండీ, అప్పడాలు తడపడానికా?"

కాలు ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగారు. "ఏందీ?"

"వినపడలేదా? ఇలా దగ్గరికి రండి, చెప్తాను."

వచ్చారు. పగ్గం పట్టుకున్నారు, దిగారు, అరుగు కింద నా పక్కన పడుకుని, గిన్నెలు మోగినంతసేపూ గోదావరి జిల్లాల వంటల్ని ఒక్కొక్కటే ఉతికి ఆరేశారు. పులసతో మొదలుపెట్టి పూతరేకుల దాకా వచ్చారు. పచ్చ దీపం వెలిగాక కూడా ఆపలేదు.

ఆవిడతో బతికిన ఇన్నాళ్ళలో ఒకటి చూశాను. లాస్య గారు చివరి మాట తనది కాకుండా ఏ గొడవలోంచీ లేచి వెళ్ళలేదు. పిల్లల పెళ్ళిలోనూ వెళ్ళలేదు, పేరిందేవి పుట్టినప్పుడు ఆస్పత్రిలోనూ వెళ్ళలేదు. ఆ కాళ్ళని ఆపగలిగింది ఆవిడ నోరు ఒక్కటే.

నాలుగో నమోదు. పైన మిట్టమధ్యాహ్నం దాటింది.

పద్ధతి కుదిరింది. నేల కదిలితే నేను ఏదో ఒకటి అంటాను, ఆవిడ జవాబు చెప్పడానికి అరుగు కిందికి వస్తారు. రెండు అదురులు గడిచాయి, తలుపు చక్రం కదల్లేదు. తిట్టడానికి కొత్త సంగతులు ముందే సమకూర్చుకోవాల్సి వస్తోంది. ఆవిడ పాడే తీరు, నడిచే తీరు, మడతపెట్టిన దుప్పటి మళ్ళీ మడతపెట్టే అలవాటు, అన్నీ అయిపోతున్నాయి.

పేరిందేవి మా ఇద్దరి మధ్య పడుకుని వింటోంది. నిన్న అడిగింది. "నాయనమ్మా, అమ్మమ్మని నువ్వు నిజంగానే అంటున్నావా, ఉత్తుత్తినే అంటున్నావా?"

"అదురుని బట్టి," అన్నాను.

"నిజంగానే అంటావుంది," అన్నారు లాస్య గారు. "ఆమె కడుపులో ఉన్నదే ఇది. అదురు ఒక సాకు."

కమలాకర్ ఈ సంగతి విని సంఘంలో చెప్పాడట. మిగతా వరసలవాళ్ళు కూడా ప్రయత్నించారని తెలిసింది. నాలుగో వరసలో ఒక మొగుడూ పెళ్ళాం అదురు ఆగినప్పటినుంచీ మాట్లాడుకోవడం లేదు. పద్ధతి అందరికీ కాదు. దానికి పునాది ఉండాలి.

ఐదో నమోదు. పొద్దు వాలింది.

ఇది ఇవాళే రాయాలి.

వరస చివర తోట గుహ ఉంది. మేం కూరలు పండించుకునేది అక్కడే. గోంగూర కోయడానికి వెళ్ళాను. గదికీ తోటకీ మధ్య మాట గొట్టం ఉంది. కరెంటుతో పని లేని ఉత్త గొట్టం అది. గాలి పోకుండా రెండు కొసలా పలచటి పొర ఉంటుంది, మాట మాత్రం దాటుతుంది. తోటలో దాని నోరు మొక్కల తొట్టి పక్కనే ఉంది. గదిలో అది తలుపు పక్కన ఉంది. లాస్య గారు అక్కడ నిలబడి, "నాలుగు పచ్చిమిరపకాయలు కూడా కొయ్యండి, లేతవి కాదు," అని ఆజ్ఞ ఇచ్చారు. ఇచ్చి లోపలికి వెళ్ళినట్టున్నారు.

నేను మిరప మొక్క వైపు తిరిగాను. నేల నా కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ వచ్చినవి అదురులు కావని అప్పుడు తెలిసింది. దీపాలు ఆరిపోయాయి. తొట్టి పాదానికి బిగించిన పగ్గం చేతికి దొరికింది, దాన్ని పట్టుకుని కిందికి లాక్కున్నాను. చీకట్లో పెద్ద పెద్ద పెళ్ళలు నిదానంగా దిగుతున్న చప్పుడు. తోట తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. నడవాలో గాలి పోయిందని దాని అర్థం.

ఇక్కడి నేలలో తడి లేదు. ఒకసారి కొడితే గంటలా మోగుతూనే ఉంటుంది. భూమ్మీద ఒక ప్రార్థన పూర్తికాకముందే ఆగిపోయేది, ఇక్కడ చారు కాగేంత సేపు ఉంటుంది. అంతసేపు ఆవిడ ఆ గదిలో ఉండాలి, నేను పక్కన లేకుండా.

గొట్టం దగ్గరికి నోరు పెట్టి మొదలుపెట్టాను. "వదినగారూ, మీరు చేసే గోంగూర పచ్చడి తిన్నవాడు మళ్ళీ గోంగూర మొక్క వంక చూడడు."

జవాబు లేదు.

"మీ పాట విని పక్క గదివాళ్ళు గాలి గొట్టం చెడిపోయిందని ఫిర్యాదు చేశారు."

జవాబు లేదు. నేల మోగుతూనే ఉంది.

అప్పుడు నా దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాను. ఇన్నేళ్ళుగా మర్యాదకి ఆపుకున్నది అది. "మా అబ్బాయి పెళ్ళిలో మీరు పెట్టిన బూరెలు మా బావగారు ఇంటికి తీసుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టుకున్నారు."

గొట్టంలో ఉలుకూ పలుకూ లేదు.

లాస్య గారు గదిలో లేరు అనుకున్నాను. తలుపు తీసేశారు. పిల్ల లోపల ఉంది. ఇంత అనుకున్నట్టు మాత్రమే గుర్తుంది. ఆ తర్వాత చేతికింద చల్లగా ఏదో తగిలింది. ఇనుము. చక్రం. తోట తలుపు చక్రం. ఆ చెయ్యి నాదేనని గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. ఎర్ర దీపం నా వేళ్ళ మీద పడుతోంది. పగ్గం ఎప్పుడు వదిలానో, అంత దూరం ఎలా వచ్చానో తెలియదు. జీవితమంతా పాఠం చెప్పినదాన్ని. కాళ్ళు వెళ్ళాయి.

చక్రం తిప్పలేదు. ధైర్యం వల్ల కాదు. లెక్క వల్ల.

గదిలో గొట్టం ఉన్నది తలుపు పక్కన. ఆవిడ తలుపు దగ్గర ఉంటే గొట్టం నోరు ఆవిడ నోటికి జానెడు దూరం. బూరెల మాట చెవిన పడ్డాక, జానెడు దూరంలో గొట్టం పెట్టుకుని, లాస్య గారు ఊరుకుంటారా? నేల బద్దలైనా ఊరుకోరు. పోనీ తలుపు తీసి వెళ్ళిపోయారనుకుందాం. గదిలో గాలి పోతే పొర అటు పీక్కుపోయి, గొట్టం ఈల వేస్తుంది. ఈల లేదు. అంటే ఆవిడ గదిలోనే ఉన్నారు, తలుపుకి దూరంగా ఉన్నారు. నేను ఆ నిశ్శబ్దాన్ని తిరగేసి చదివాను.

మూడో వివరణ కూడా ఒకటి ఉంది. గది కప్పుకి సంబంధించినది. దాని జోలికి పోలేదు.

గోడ పట్టుకుని తొట్టి దగ్గరికి తిరిగి వచ్చాను. పగ్గం పట్టుకున్నాను, దిగాను, దాక్కున్నాను. మళ్ళీ గొట్టంలో తిట్టడం మొదలుపెట్టాను, ఈసారి జవాబు కోసం కాదు. నేను బతికే ఉన్నానని అటువైపు ఉన్నవాళ్ళకి తెలియాలి కదా. పెళ్ళి పందిరి నుంచి మొదలుపెట్టి వరసగా అన్నాను. మధ్యలో ఒకసారి నేల ఆగినట్టు నటించింది. నేను ఆగలేదు. గొంతులో దుమ్ము, నాలుక పిడచకట్టింది, అయినా వాళ్ళ తరఫు బాజాభజంత్రీల దాకా వచ్చాను. ప్రతిసారీ గొట్టం ఊరుకుంది. ఊరుకున్నకొద్దీ నా ప్రాణం కుదుటపడింది.

ఎప్పటికో పచ్చ దీపం వెలిగింది.

మా గది తలుపు తీసేసరికి లోపల పొగలా దుమ్ము. గది మధ్యలో కప్పు పెళ్ళ ఒకటి పడి ఉంది, ఇదివరకు అరుగు కింద జాడీలు ఆక్రమించినంత వెడల్పున. అరుగు కింద ముందు కనబడింది ఆవిడ వీపు.

"నాయనమ్మా," అంది లోపల్నుంచి పేరిందేవి, "అమ్మమ్మ నా మీద పడుకుంది. లెమ్మంటే లేవట్లేదు. ఉక్కగా ఉంది."

లాస్య గారు తల తిప్పి చూశారు. పగ్గాన్ని రెండు చేతులకీ చుట్లు చుట్లుగా చుట్టుకున్నారు. విప్పబోతే విడిపడలేదు. నేనే ఒక్కో చుట్టూ తీశాను. అరచేతుల్లో తోలు లేదు.

"ఎందుకు పలకలేదు?" అన్నాను.

"పలకాలంటే తలుపు కాడికి పోవాల గదా వదినా," అన్నారు. "పోతే మళ్ళీ వెనక్కి వస్తానని నా మీద నాకు నమ్మకం లేకపాయె."

"బూరెల మాట విన్నారా?"

"విన్నా."

"విని ఊరుకున్నారా?"

"ఈ చేతులు చూడండి," అన్నారు. "తాడు వల్ల అనుకుంటా ఉన్నారా మీరు?"

ఆరో నమోదు. అదే రోజు, భోజనాలప్పుడు.

గని నుంచి కబురొచ్చింది. పిల్లలిద్దరూ క్షేమం.

కమలాకర్ వచ్చి గదులన్నీ చూశాడు. మా గదిలో పడ్డ పెళ్ళని అడుగులతో కొలిచి రాసుకున్నాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు. "మూడో వరసలో తలుపు దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు," అన్నాను.

అతను లాస్య గారి వైపు చూశాడు. ముఖం చిన్నబోయింది పాపం.

"అటు కాదు, ఇటు," అన్నాను. "తన్విత. తోట తలుపు. చక్రం పట్టుకుంది, తిప్పలేదు. మొదటిసారి."

"మీరా, మేడం?"

"రాసుకో నాయనా, తొందరగా రాసుకో," అన్నారు లాస్య గారు. "ఇంకో రెండుసార్లు పోతే పడక వాడలో వేస్తారని కూడా చెప్పు ఆమెకి. నాకు చెప్పినట్టే, మర్యాదగా."

అతను చెప్పాడు కూడా. మర్యాదగానే చెప్పాడు. ఆవిడ పేరు పక్కన కొత్తగా ఏమీ రాయలేదు.

వైద్యురాలు ఆవిడ చేతులకి మందు రాసి, ముంజేతుల దాకా గుడ్డ చుట్టి వెళ్ళింది. కంచం ముందు పెట్టాక తెలిసింది, ఆవిడ చెంచా కూడా పట్టుకోలేరని. పేరిందేవి తినిపిస్తానంది. దాని చేతి ముద్ద దాని నోటికే సరిగా చేరదు. నేనే కలిపాను, వేడన్నం, ఇవాళ కోసిన గోంగూర. పచ్చిమిరపకాయలు మాత్రం కొయ్యలేకపోయాను.

మొదటి ముద్ద పెట్టాను. వియ్యపురాలికి ముద్ద పెట్టడం నాకు కొత్త. తినడం ఆవిడకీ కొత్తే అనుకుంటాను, ఎటు చూడాలో తెలియక గోడకేసి చూస్తూ నమిలారు.

మింగాక అన్నారు. "ఒకటో మాట, గోంగూర. నా పచ్చడి తిన్నోడు మళ్ళీ మొక్క వంక చూడడన్నారు. ఎందుకు చూడాలంట, పచ్చడి జాడీలో ఉంటే?"

"ఊఁ."

"రెండోది, నా పాట."

"అన్నీ వరసగా గుర్తున్నాయా?"

"అరుగు కింద అంతసేపు ఇంకేం పని ఉంది నాకు? మీరు ఒక్కోటి అంటావుంటే ఒక్కోదానికి జవాబు పేర్చుకుంటా పడుకున్నా. లేకపోతే ఎప్పుడో లేచి తలుపు కాడికి పోయేదాన్ని." కొంచెం ఆగారు. "ఇందులో ఉప్పు తక్కువైంది."

ఉప్పు సరిగ్గానే ఉంది. నేను రుచి చూశాను. అయినా ఇంకో చిటికెడు వేశాను. బూరెల దగ్గరికి రావడానికి ఆవిడకి ఇంకా చాలా సేపు పట్టేలా ఉంది. కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించి, రెండో ముద్ద కలిపాను.